నడుం దాకా ఉన్న నల్లజుట్టుకు ఓంబ్రే రంగు: గోరింటాకు పెట్టిన జుట్టు మీద కుదురుతుందా?

ప్రశ్న
రాసినవారు: తుమ్మలపెంట గాలి (కావలి)

అందరికీ నమస్కారం. మాది కావలి. వచ్చే మాఘమాసంలో మా అక్క పెళ్ళి నెల్లూరులో జరగబోతోంది, తోడపెళ్ళికూతురిగా నేనే కూర్చుంటాను. ఆ పెళ్ళికి జుట్టుకు రంగు వేయించుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. తలంతా ఒకే రంగు నాకు ఇష్టం లేదు. కుదుళ్ళ దగ్గర నా సొంత నలుపు అలాగే ఉండి, భుజాల దగ్గరికి వచ్చేసరికి ముదురు గోధుమరంగులోకి తిరిగి, చివర్లలో తేనెరంగుగా ముగిసే పద్ధతి, ఓంబ్రే అంటున్నారే, అది కావాలి. నలుపు ఎక్కడ ఆగిందో గోధుమరంగు ఎక్కడ మొదలైందో ఎవరూ వేలు పెట్టి చూపించలేనంతగా కలిసిపోవాలన్నది నా కోరిక. మా కాలేజీలో ఒకమ్మాయి ఇలాగే వేయించుకుంటే వీపు మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా గీత పడింది, అప్పటినుంచి నాకు భయం పట్టుకుంది.

నా జుట్టు నడుం దాకా ఉంటుంది, మందంగా, వంకీలు లేకుండా సాదాగా ఉంటుంది. చిన్నప్పటినుంచి అమ్మ వేసవిలో గోరింటాకు పొడి పెడుతూ వచ్చింది. మధ్యలో కొంతకాలం ఫ్యాన్సీ షాపులో దొరికే నల్ల హెన్నా ప్యాకెట్లు కూడా వాడాము. ఇంట్లో నీళ్ళు బోరువి, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది.

బ్లీచ్ చేయకుండా ఈ రంగు వస్తుందా, చేస్తే జుట్టు ఎంతవరకు తట్టుకుంటుంది, ఒక్కసారిలో పూర్తవుతుందా, జడ వేసుకుని పూలు పెట్టుకున్నప్పుడు ఆ రంగు అసలు కనిపిస్తుందా అన్నవి నా సందేహాలు. రంగు వేస్తే జుట్టంతా ఊడిపోతుందని అమ్మ అంటోంది. ఆమెకు నచ్చజెప్పాలంటే ముందు నాకు విషయం సరిగ్గా తెలియాలి. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు 1
రాసినవారు: పెన్నాతీరం పార్లర్ (నెల్లూరు)

అమ్మా, నేను నెల్లూరులో చాలా ఏళ్ళుగా పార్లర్ నడుపుతున్నాను. మీరు జుట్టు చరిత్ర అంతా ముందే రాయడం చాలా మంచి పని, ఎందుకంటే మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది అడిగితే తప్ప గోరింటాకు సంగతి చెప్పరు. గోరింటాకు రంగు కిందికి రాదని, అది రంగే కాదని వారి అభిప్రాయం.

ముందు ఒక లెక్క చూడండి. జుట్టు నెలకు సెంటీమీటరు లేదా అంతకు కొద్దిగా ఎక్కువ, అంటే ఏడాదికి దాదాపు 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. నడుం దాకా ఉన్న జుట్టు చివరి భాగానికి 4, 5 ఏళ్ళ వయసు ఉంటుంది. ఈ నాలుగైదేళ్ళలో మీరు తలకు పెట్టిందంతా పొరలు పొరలుగా ఆ చివర్లలోనే పేరుకుని ఉంది. ఓంబ్రేలో అన్నిటికంటే తేలిక రంగు రావలసింది సరిగ్గా ఆ చివర్లలోనే. అంటే మీ తలలో అత్యంత పాతదీ, అత్యంత అలసిపోయినదీ, అత్యంత ఎక్కువ గోరింటాకు పట్టినదీ అయిన జుట్టు మీద అత్యంత కష్టమైన పని చేయాలి. మీ ప్రశ్నలన్నిటికీ సమాధానం ఈ ఒక్క విషయం నుంచే మొదలవుతుంది.

బ్లీచ్ లేకుండా వస్తుందా అన్నారు. రాదు. నల్లజుట్టు మీద గోధుమరంగు డై వేస్తే ఎండలో కొద్దిపాటి మెరుపు కనిపించవచ్చు గానీ, నీడలోకి రాగానే నలుపే కనిపిస్తుంది. మేము జుట్టు రంగును 1 నుంచి 10 దాకా మెట్లుగా లెక్కిస్తాము. 1 అంటే కారునలుపు, 10 అంటే వెలిసిన పసుపు. మన ప్రాంతపు జుట్టు సాధారణంగా 1 లేదా 2 దగ్గర ఉంటుంది. మీరు కోరుతున్న తేనెరంగు 7 చుట్టుపక్కల ఉంటుంది. ఆ దూరం ఎక్కాలంటే జుట్టు లోపలి నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థాన్ని కరిగించక తప్పదు. అది బ్లీచ్ పొడి, డెవలపర్ అనే పెరాక్సైడ్ ద్రవం కలిపినప్పుడే జరుగుతుంది. నల్లజుట్టు తేలికపడేటప్పుడు ఒక్కసారిగా తేనెరంగులోకి దూకదు. ముందు ఎరుపు, తర్వాత ఎర్రనారింజ, తర్వాత నారింజ, ఆపైన బంగారు ఛాయ ఉన్న నారింజ, చివరికి పసుపు వస్తాయి. గోరింటాకు పట్టిన జుట్టు ఆ నారింజ దగ్గర మొండికేసి కూర్చుంటుంది. అక్కడ ఓపిక పోయి ఇంకా బలమైన డెవలపర్ వేస్తేనే జుట్టు తెగుతుంది. 20 వాల్యూమ్ అంటే 6 శాతం, 30 అంటే 9 శాతం, 40 అంటే 12 శాతం పెరాక్సైడ్. పొడవైన పాత చివర్ల మీద నేనైతే 20 దాటను. ఆలస్యమైనా పరవాలేదు, మధ్యలో విరామమిచ్చి రెండోసారి చేయడం మేలు.

కాబట్టి నా సలహా ఏమిటంటే, ఆ నారింజతో యుద్ధం చేయకండి. బూడిద ఛాయ ఉన్న గోధుమరంగులు గోరింటాకు జుట్టు మీద కుదరడం చాలా కష్టం. పైగా మన చామనఛాయకు రాగి కలిసిన తేనెరంగు, దాల్చినచెక్క రంగు ఎంతో నిండుగా ఉంటాయి. మీ జుట్టు సహజంగా వెళ్ళే దారి కూడా అదే. కుదుళ్ళలో మీ నలుపు, మధ్యలో 4 లేదా 5 మెట్టు దగ్గర ముదురు గోధుమ, చివర 6 లేదా 7 దగ్గర రాగి తేనె అనుకుంటే ఒక్క సిట్టింగులో చాలావరకు వచ్చే అవకాశం ఉంది.

ఇక గీత సంగతి. మీ స్నేహితురాలికి గీత ఎందుకు పడిందో చూడకుండానే చెప్పగలను. జుట్టును వెనక్కి ఒక కట్టగా పట్టుకుని, ఒకే ఎత్తులో బ్లీచ్ పూసి, దాన్ని ఫాయిల్‌లో చుట్టి ఉంటారు. అన్ని వెంట్రుకలూ ఒకేచోట మొదలైతే గీత రాక ఏమవుతుంది? కలిసిపోవాలంటే మొదలయ్యే చోట్లు వేరువేరుగా ఉండాలి. నేను తలను సన్నటి పాయలుగా, అడ్డంగా కాకుండా ఏటవాలుగా విడదీస్తాను. ఒక్కో పాయను చివర పట్టుకుని, సన్నటి దువ్వెనతో కింది నుంచి పైకి రెండు మూడుసార్లు వెనక్కి దువ్వుతాను. అలా దువ్వినప్పుడు పొట్టి వెంట్రుకలు కొన్ని పైకి వెళ్ళి కుదుళ్ళ దగ్గర మెత్తటి ఉండలా చేరతాయి, పొడవైనవి మాత్రం చేతిలో మిగులుతాయి. ఆ మిగిలిన వాటికే బ్లీచ్ పూస్తాను. తర్వాత ఆ ఉండను విప్పినప్పుడు, రంగు పడిన వెంట్రుకల మధ్యలో రంగు పడని నల్ల వెంట్రుకలు దిగివస్తాయి, గీత ఉండవలసిన చోట అల్లిక ఏర్పడుతుంది. పూసేటప్పుడు కూడా చివర్లలో బ్రష్ నిండుగా అద్ది, పైకి వెళ్ళేకొద్దీ బ్రష్‌ను నిలువుగా పట్టుకుని, దాదాపు ఖాళీ బ్రష్‌తో గాలిలో రాసినట్టుగా వదిలేయాలి. పక్కపక్క పాయల్లో మొదలయ్యే ఎత్తు కొంచెం పైకీ కిందికీ మారుతూ ఉండాలి. మీలాంటి సాదా జుట్టు మీద చిన్న తప్పు కూడా దాగదు. వంకీల జుట్టుకైతే ఈ ఇబ్బంది సగం తగ్గుతుంది.

బ్లీచ్ కడిగిన తర్వాత మధ్య భాగానికి గోధుమరంగు టోనర్ (తేలికపడిన జుట్టుకు కావలసిన ఛాయనిచ్చే రంగు), చివర్లకు తేనెరంగు టోనర్ వేసి, రెండూ కలిసేచోట వేళ్ళతో కిందికి లాగి కలపాలి. మంచి కలయికలో సగం బ్లీచ్ దగ్గర వస్తే, సగం ఈ టోనర్ దగ్గర వస్తుంది. చాలామంది డబ్బు ఆదా అవుతుందని ఈ మెట్టు వద్దంటారు. దయచేసి వద్దనకండి.

ఫాయిల్ లేకుండా చేత్తో పూసే బాలయాజ్ పద్ధతి కూడా ఉంది, 1970లలో పారిస్ సెలూన్లలో రూపుదిద్దుకుంది. చాలా అందమైన పద్ధతి. అయితే మన నెల్లూరు వేడిలో, తిరిగే ఫ్యాను కింద, పూసిన బ్లీచ్ త్వరగా ఎండిపోతుంది. ఎండిన బ్లీచ్ పనిచేయడం ఆపేస్తుంది. అందుకే నేను చేత్తో పూసినా పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పుతాను. మీరు ఎక్కడికి వెళ్ళినా ఈ సంగతి గమనించండి.

అన్నిటికంటే ముందు స్ట్రాండ్ టెస్ట్ చేయించుకోండి. మెడ దగ్గర లోపలి వరుస నుంచి సన్నటి పాయ తీసి, దాని చివరి భాగానికి బ్లీచ్ పూసి, ప్రతి పది నిమిషాలకూ ఫాయిల్ విప్పి చూస్తూ 45 నిమిషాలు మించకుండా ఉంచాలి. కడిగి, తడిగా ఉండగానే ఒక వెంట్రుకను రెండు వేళ్ళ మధ్య మెల్లగా లాగాలి. కొద్దిగా సాగి మళ్ళీ వెనక్కి వస్తే జుట్టు తట్టుకుంటుంది. సాగి సాగి వెనక్కి రాకుండా జిగురుగా తోస్తే, లేదా టప్పున తెగితే, ఆ జుట్టుకు బ్లీచ్ వద్దు. ఆ పరీక్ష చేయకుండా కుర్చీలో కూర్చోబెట్టే చోట కూర్చోకండి.


జవాబు 2
రాసినవారు: గుండ్లకమ్మ (ఒంగోలు)

పై జవాబు చాలా చక్కగా ఉంది. నేను ఒంగోలులో రసాయనశాస్త్రం బోధిస్తాను. మీరు రాసిన నల్ల హెన్నా ప్యాకెట్ గురించి కొంత హెచ్చరిక అవసరమనిపించి రాస్తున్నాను.

స్వచ్ఛమైన గోరింటాకులో రంగునిచ్చేది లాసోన్ అనే పదార్థం. అది జుట్టులోని కెరటిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుని నారింజ ఎరుపు ఛాయనిస్తుంది. గోరింటాకు ఒక్కటే వాడితే నలుపు రావడం అసాధ్యం. నల్ల హెన్నా అని అమ్మేదానిలో నలుపు వచ్చిందంటే అందులో మరొకటి కలిపారన్నమాట. అది నీలిమొక్క పొడి కావచ్చు, పారాఫినైలిన్ డయామిన్ అనే రసాయనం కావచ్చు, కొన్నిటిలో లోహ లవణాలు కావచ్చు. ఈ మూడింటి ప్రవర్తన మూడు రకాలుగా ఉంటుంది. నీలిమొక్క పొడి పట్టిన జుట్టును బ్లీచ్ చేస్తే ఆకుపచ్చ ఛాయ మిగిలిపోవచ్చు. లోహ లవణాలు ఉన్న జుట్టుకు పెరాక్సైడ్ తగిలితే చర్య చాలా వేగంగా జరిగి, జుట్టు వేడెక్కి, కొన్నిసార్లు ఆవిరి వచ్చి, అక్కడికక్కడే తెగిపోతుంది. పై జవాబులో చెప్పిన స్ట్రాండ్ టెస్ట్ చేసేటప్పుడు ఫాయిల్‌ను చేత్తో తాకి చూడండి. మామూలు గోరువెచ్చదనం కంటే ఎక్కువ వేడి తగిలితే వెంటనే కడిగేసి, ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

ఇంకా జాగ్రత్తగా ఉండాలంటే తల మీద పాయతో కాకుండా ముందుగా రాలిన జుట్టుతో ప్రయత్నించవచ్చు. మన ఇళ్ళలో దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను చుట్టి దాచి, వీధిలోకి వచ్చే చిక్కుజుట్టు కొనేవారికి ఇవ్వడం అలవాటే కదా. ఆ చుట్టలోంచి పొడవైన వెంట్రుకలు కొన్ని తీసి, దారంతో కట్టి, పార్లర్‌కు తీసుకెళ్తే వారి బ్లీచ్‌లోనే వేసి చూడవచ్చు. మీ చివర్లలో ఏమున్నదో మీ తలకు హాని లేకుండా తెలుస్తుంది.

పారాఫినైలిన్ డయామిన్ సంగతి వేరు. దానితో వచ్చే సమస్య చర్మానిది. కొందరికి దురద, వాపు, నీటిపొక్కులు వస్తాయి. ఒకసారి శరీరం దానికి అలవాటుపడి ప్రతిస్పందించడం మొదలుపెడితే ఆ తర్వాత ప్రతిసారీ మరింత తీవ్రంగా వస్తుంది. గతంలో నల్ల హెన్నా పెట్టినప్పుడు చెవుల వెనక గానీ నుదుటి అంచున గానీ దురద వచ్చిందేమో గుర్తు చేసుకోండి. ఓంబ్రేలో బ్లీచ్ మాడుకు తగలదు కాబట్టి కొంత రక్షణ ఉంటుంది గానీ, టోనర్ కడిగేటప్పుడు ఆ నీళ్ళు మెడ మీదుగా, చెవుల మీదుగా పోతాయి. కాబట్టి 48 గంటల ముందు చెవి వెనక గానీ మోచేయి మడతలో గానీ ఆ టోనర్ కొద్దిగా రాసి చూసుకోవడం తప్పనిసరి. మన దేశంలో జుట్టు రంగు డబ్బాల మీద ఈ పరీక్ష చేసుకోవాలనీ, కనుబొమలకూ కనురెప్పలకూ వాడకూడదనీ హెచ్చరిక ముద్రించాలన్న నిబంధన ఉంది. ఆ చిన్న అక్షరాలను మనం చదవాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే వారిని పార్లర్‌కు తోడు తీసుకెళ్ళకండి. బ్లీచ్ పొడిలోని పెర్‌సల్ఫేట్లు గాలిలో లేచి ఊపిరి ఇబ్బందిని రేపుతాయి.

నీళ్ళ గురించి కూడా రాశారు. మా వైపు కనిగిరి, పొదిలి ప్రాంతాల నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే గానీ, జుట్టు రంగుకు సంబంధించినంతవరకు ఇబ్బంది పెట్టేవి కాల్షియం, మెగ్నీషియం, ఇనుము. మీ బకెట్ అంచున కడుతున్న తెల్లపొర కాల్షియందే. బ్లీచ్ అయిన జుట్టు పై పొలుసులు తెరుచుకుని ఉంటాయి కాబట్టి ఈ లవణాలు మరింత సులువుగా పట్టేస్తాయి. తేనెరంగు కొద్ది వారాల్లో మాసిపోయి, ముట్టుకుంటే గరగరమంటుంది. ఇనుము ఉన్న నీళ్ళయితే ఇటుకరంగు కూడా తేలుతుంది. నీళ్ళను బాగా కాచి, చల్లార్చి, అడుగున దిగిన తెల్లపొడిని వదిలేసి పైనుంచి వంచుకుంటే కాఠిన్యం కొంత తగ్గుతుంది. అంతకంటే సులువైనది, తలస్నానం బోరు నీళ్ళతో చేసినా, చివరి రెండు చెంబులు మాత్రం తాగడానికి తెప్పించుకునే క్యాన్ నీళ్ళు పోసుకోవడం. రంగు వేయించుకోబోయే ముందు ఒకసారి లవణాలను తీసేసే కీలేటింగ్ షాంపూతో తల రుద్దుకుంటే పాత మురికి పోయి బ్లీచ్ సమంగా పనిచేస్తుంది. ఆ షాంపూను మాత్రం తర్వాత తరచుగా వాడకండి, టోనర్ దిగిపోతుంది.


జవాబు 3
రాసినవారు: కందుకూరు కోడలు

చెల్లీ, నాకు మీలాగే పొడవైన జుట్టు, మూడేళ్ళుగా ఓంబ్రే రంగు ఉంచుకుంటున్నాను. పనితనం గురించి పై ఇద్దరూ చెప్పారు కాబట్టి, దానితో రోజూ ఎలా ఉంటుందో నేను చెబుతాను.

జడలో ఎలా కనిపిస్తుందని అడిగారు. మూడుపాయల జడ వేసినప్పుడు పై సగం పూర్తిగా నల్లగా ఉండి, రంగు సగం నుంచి మొదలవుతుంది. ఒక్కో మడతలో ముదురు పాయ పక్కన తేలిక పాయ వచ్చి చేరుతుంది కాబట్టి అల్లిక స్పష్టంగా, ఎంతో అందంగా కనిపిస్తుంది. అయితే పూలజడ కుట్టించుకుంటే మెడ నుంచి చివరి దాకా అంతా పూలే, కింద కుచ్చులే, మీ రంగులో ఒక్క వెంట్రుక కూడా బయటికి రాదు. ముహూర్తానికి పూలజడ, రిసెప్షన్‌కు వదులు జుట్టు అనుకుంటే మాత్రం సరిపోతుంది. పై నుంచి కొంతవరకు మాత్రమే కనకాంబరాలు, చామంతులు చుట్టి, కింది భాగం వదిలేయడం మరో మార్గం. కనకాంబరం రంగు పక్కన రాగి తేనెరంగు ఎంత బాగుంటుందో చూస్తేనే తెలుస్తుంది.

మీరు తోడపెళ్ళికూతురు కాబట్టి మీకూ తలంటు ఉంటుంది. తలనిండా నూనె పెట్టి, కుంకుడుకాయ రసంతో పట్టుగా రుద్ది పోస్తారు. ఒక్క తలంటుతో టోనర్‌లో కనిపించేంత భాగం పోతుంది. పెద్దవాళ్ళను వద్దనలేము, అనకూడదు కూడా. మాడు వరకు కుంకుడు రసంతో రుద్దించుకుని, చివర్లను ముందే చిన్న ముడి వేసి క్లిప్పు పెట్టుకోండి. మా ఆడపడుచు పెళ్ళికి నేను ఇలాగే చేశాను, ఎవరూ ఏమీ అనలేదు.

కొబ్బరినూనె మానేయాలని కొందరు చెబుతారు. నేను మానలేదు. 2003లో మన దేశ పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూసినప్పుడు, జుట్టు నుంచి ప్రొటీన్ పోవడాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే అని తేలింది. బ్లీచ్ అయిన జుట్టుకు కూడా అది వర్తించింది. తలస్నానానికి ముందు చివర్లకు కొద్దిగా రాసుకుంటే చాలు. వారానికి రెండుసార్లకు మించి తల రుద్దుకోను, ప్రతిసారీ కండిషనర్ తప్పనిసరిగా పెడతాను, తడి జుట్టును వెడల్పు పళ్ళ దువ్వెనతో కింది నుంచి పైకి చిక్కు తీస్తాను. రోహిణి కార్తెలో బయటికి వెళ్ళాలంటే జడ వేసి చున్నీ కప్పుకుంటాను, ఎండకు రంగు చాలా త్వరగా వెలుస్తుంది. మీ కావలికి తుమ్మలపెంట తీరం దగ్గరే కదా, సముద్రంలోకి దిగేముందు జుట్టును మంచినీళ్ళతో తడుపుకోండి. అప్పటికే నీళ్ళు తాగిన జుట్టు ఉప్పునీటిని తక్కువగా పీలుస్తుంది.

షాంపూ విషయంలో ఒక మాట. వీడియోలు చూసి అందరూ ఊదారంగు షాంపూ కొంటున్నారు. ఊదా పసుపును తగ్గిస్తుంది. మన జుట్టులో తేలేది నారింజ, దానికి పనిచేసేది నీలం షాంపూ. అది కూడా మీ రాగి ఛాయ మీకు నచ్చినంతకాలం అవసరమే లేదు.

జుట్టు ఊడిపోతుందన్న మీ అమ్మగారి భయం గురించి ఆమెతో ఇలా చెప్పండి. ఓంబ్రేలో మందు కుదుళ్ళను తాకదు కాబట్టి వేళ్ళతో సహా ఊడదు. జరిగితే చివర్లు చిట్లడం, మధ్యలో తెగడం జరుగుతుంది. అది తక్కువ నష్టమేమీ కాదు. రెండు మూడు నెలలకొకసారి చివర్లు కత్తిరించుకోవడానికి సిద్ధంగా ఉండాలి. పొడవు ఒక్క అంగుళం కూడా తగ్గకూడదు అనుకునేవారు దీని జోలికి వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మరో దారి ఉంది, దాన్ని ఎవరూ చెప్పడం లేదు. మంచి సవరం కొనుక్కుని దానికి రంగు వేయించండి. పై అంచు మీ జుట్టు నలుపులో, చివర తేనెరంగులో ఉండేలా చేయించుకుని జడలో కలిపి అల్లితే మీ సొంత జుట్టుకు బ్లీచ్ తగలదు. అసలు వెంట్రుకలతో చేసిన సవరమే తీసుకోవాలి, నైలాన్ సవరానికి రంగు పట్టదు. జుట్టు వదులుగా వేసుకోవాలంటే అదే రంగులో క్లిప్పులతో పెట్టుకునే పాయలు కూడా దొరుకుతాయి.


ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: తుమ్మలపెంట గాలి (కావలి)

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. కుదుళ్ళకు మందు తగలదన్న మాట విన్న తర్వాత ఆమె కొంత మెత్తబడింది. చిక్కుజుట్టు చుట్టను తనే వెతికి ఇచ్చింది. గోరింటాకు ప్యాకెట్ల మీద ఏం రాసి ఉందో ఇద్దరం కలిసి చదివాము. ఆకు పొడి డబ్బా మీద గోరింటాకు తప్ప మరేమీ లేదు గానీ, నల్ల ప్యాకెట్ ఇప్పుడు ఇంట్లో లేదు, అందులో ఏముందో తెలుసుకునే మార్గం కనిపించడం లేదు. ఆ ప్యాకెట్లు వాడడం మానేసి రెండేళ్ళు దాటింది.

పెన్నాతీరం మేడమ్ గారూ, ఈ పరిస్థితిలో పెళ్ళికి ముందే చేయించుకోవాలా, తర్వాత చేయించుకోవాలా? ముందే అయితే ఎన్ని రోజుల ముందు? బ్లీచ్ చేయించుకునే రోజు తలకు నూనె ఉండవచ్చా? పార్లర్‌లో నేను ఏ మాటలతో అడిగితే నాకు కావలసింది వారికి సరిగ్గా అర్థమవుతుంది?


జవాబు 4
రాసినవారు: పెన్నాతీరం పార్లర్ (నెల్లూరు)

అమ్మా, నల్ల ప్యాకెట్ వాడడం ఆపి రెండేళ్ళు దాటిందంటే, పై నుంచి దాదాపు 30 సెంటీమీటర్ల మేర కొత్త జుట్టు వచ్చిందన్నమాట. ఆ నలుపు పట్టిన భాగమంతా దాని కింద ఉంది. టేపు పెట్టి కొలిచి చూడండి. స్ట్రాండ్ టెస్ట్‌లో ఆ కింది భాగం వేడెక్కినా, ఆకుపచ్చగా తిరిగినా, జిగురుగా సాగినా, పెళ్ళికి సవరం పెట్టుకోండి, ఓంబ్రే ఆలోచన ఆ పాత చివర్లు కత్తిరించుకున్న తర్వాతే. ఈ విషయంలో కందుకూరు వారి సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మా దగ్గర కూడా పెళ్ళిళ్ళకు సవరాలకు రంగు వేసి ఇస్తుంటాము.

పరీక్ష బాగా వస్తే, పెళ్ళికి మూడు నుంచి నాలుగు వారాల ముందు చేయించుకోండి. అంతకంటే దగ్గరగా పెట్టుకుంటే, రంగు అటూ ఇటూ అయినప్పుడు సరిదిద్దడానికి, జుట్టుకు విశ్రాంతినివ్వడానికి వ్యవధి ఉండదు. తర్వాత తలంటు అయిపోయిన రోజు సాయంత్రం గానీ మరునాడు గానీ చివర్లకు టోనర్ మాత్రం ఒకసారి మళ్ళీ వేయించుకుంటే రిసెప్షన్‌కు రంగు కొత్తగా ఉంటుంది. ఆ పనికి గంట కూడా పట్టదు. దానికి ఇప్పుడే సమయం మాట్లాడి పెట్టుకోండి, మాఘమాసపు ముహూర్తాలకు పార్లర్లలో కుర్చీ ఖాళీ ఉండదు.

నూనె విషయానికి వస్తే, ముందురోజు రాత్రి చివర్లకు పల్చగా కొబ్బరినూనె రాసుకుని రావచ్చు, దానివల్ల బ్లీచ్ పనికి అడ్డం రాదు. జిడ్డు కారేంతగా మాత్రం వద్దు. తల రుద్దుకుని ఒకటి రెండు రోజులైన జుట్టుతో వస్తే మంచిది.

పార్లర్‌లో చెప్పేటప్పుడు రంగు పేర్లతో చెప్పకండి. ఒకరి తేనెరంగు మరొకరికి బంగారురంగు. నల్లజుట్టు ఉన్న భారతీయ అమ్మాయిల ఫోటోలు రెండు మూడు తీసుకెళ్ళండి. ఫోన్ వెలుతురు పూర్తిగా పెంచి చూపించకండి, రంగు అసలుకంటే తేలికగా కనిపిస్తుంది. తేలిక రంగు ఎంత ఎత్తు దాకా రావాలో మీ వీపు మీద చేయి పెట్టి చూపించండి. సాదా జుట్టు కాబట్టి వెనక్కి దువ్వి పూయమని, మొదలయ్యే ఎత్తులు మార్చమని, మధ్యకూ చివరకూ వేరువేరు టోనర్లు వేయమని మూడు మాటలు స్పష్టంగా అడగండి. బ్లీచ్ ఎన్ని వాల్యూముల డెవలపర్‌తో కలుపుతున్నారో కూడా అడగండి. విసుక్కోకుండా సమాధానం చెప్పి, గిన్నెలో కలిపేటప్పుడు సీసా మీ ముందే తెరిచే చోట నిశ్చింతగా కూర్చోవచ్చు.

పరీక్ష పాయ ఎలా వచ్చిందో ఇక్కడ రాయండి. పాయను కడిగి ఆరబెట్టిన తర్వాత, పగటి వెలుతురులో, కిటికీ దగ్గర పట్టుకుని చూసిన రంగు చెప్పండి. ట్యూబ్‌లైట్ కింద చూసిన రంగును బట్టి ఏ టోనర్ వేయాలో నేను చెప్పలేను.